కొండ సైకిలు మీద బయల్దేరిన తాళిబొట్టు

ఒక పెళ్ళి ఆగిపోవాలంటే మామూలుగా ఏదో ఒక కారణం ఉండాలి. పెళ్ళికూతురికి ఇష్టం లేకపోవాలి. లేదా పెద్దవాళ్ళ మధ్య మాటా మాటా పెరగాలి. కనీసం వంటవాడైనా అలిగి వెళ్ళిపోవాలి. అలాంటివేవీ లేకుండా, వధూవరులు ముచ్చటపడి, పెద్దలు మనస్ఫూర్తిగా ఒప్పుకుని, గాడిపొయ్యి మీద మాంసం కుతకుతా ఉడుకుతుండగా, నిక్షేపంలాంటి పెళ్ళిని ఒంటిచేత్తో ఆపేసిన ఘనుణ్ణి నేను. ఒంటిచేత్తో అంటే అబద్ధమవుతుంది. నాకు ఒక సైకిలు సాయపడింది. ఆ సైకిలును నేనే తయారుచేశాను. ఎంత గొప్పగా తయారుచేశానో చెబుతాను, మంచినీళ్ళు దగ్గర పెట్టుకుని కూర్చోండి.

డెబ్బైల నాటి సంగతి. బెజవాడలో మొగల్రాజపురం కొండ మీద మా సరోజక్క ఇంట్లో ఉండేవాణ్ణి. గవర్నర్‌పేటలో మందుల హోల్‌సేల్ కొట్లో గుమాస్తా ఉద్యోగం. పొద్దున్న కొండ దిగడం హాయిగానే ఉండేది. సైకిలెక్కి కూర్చుంటే చాలు, బ్రేకులు మాత్రం గుర్తుంచుకోవాలి. సాయంత్రం వచ్చేసరికి కథ తిరగబడేది. రాళ్ళు తేలిన ఆ ఏటవాలు బాట మీద ఏ సైకిలూ కదిలేది కాదు. దిగి, సైకిలును భుజానికెత్తుకుని, మధ్యలో ఆగి రొప్పుకుంటూ ఇంటికి చేరేవాణ్ణి. కుళాయి దగ్గర బిందెలతో నిలబడ్డ ఆడవాళ్ళు నాకు దారి ఇచ్చేవాళ్ళు, శవాన్ని మోసుకెళ్ళేవాడికి ఇచ్చినట్టు.

మా అక్క గుమ్మంలో నిలబడి రోజూ అదే ప్రశ్న వేసేది.

"ఒరే రత్నం, ఆ సైకిలు నిన్ను మొయ్యటానికి కొన్నావా, నువ్వు దాన్ని మొయ్యటానికి కొన్నావా?"

ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. ఆ వయసులో ఆకలినైనా ఓర్చుకోవచ్చు గానీ కుళాయి దగ్గర నవ్వును ఓర్చుకోలేం. పైగా నేను బీయస్సీ ఫిజిక్సు ప్యాసయినవాణ్ణి. కొండ నన్ను ఓడించడమంటే ఫిజిక్సును ఓడించినట్టే కదా అని తెగ బాధపడ్డాను. ఆ బాధలోంచి పుట్టిందే నా ఆలోచన. కొండెక్కే సైకిలు ఒకటి తయారుచెయ్యాలి.

కొండ కింద మస్తాను సైకిలు షాపు ఉండేది. మస్తాను గొప్ప పనివాడు అనలేను. కానీ గొప్ప ఉత్సాహవంతుడు. ఎవరైనా పంక్చరు వేయించుకోవడానికి వస్తే, "పంక్చరేముంది సార్, మొత్తం మార్చేద్దాం" అనే రకం. ఇన్నాళ్ళూ అతని ఉత్సాహానికి తగిన మనిషి తగల్లేదు. నేను తగిలాను.

నా సైకిలును బోర్లా తిప్పి అతనికి పాఠం చెప్పాను.

"చూడు మస్తానూ, పెడల్ దగ్గర పళ్ళ చక్రం పెద్దది. వెనక చక్రానికున్నది చిన్నది. అందుకే ఎత్తు తొక్కలేకపోతున్నాం. ఈ రెంటినీ తారుమారు చేశామనుకో. చిన్నది ముందుకీ, పెద్దది వెనక్కీ."

"అప్పుడేమవుద్ది సార్?"

"గోడ కూడా ఎక్కుద్ది."

మస్తాను కళ్ళు మెరిశాయి. "గోడెందుకు సార్, తిరపతి ఏడుకొండలూ ఎక్కిద్దాం" అన్నాడు.

నేను చెప్పింది తప్పేం కాదు. ఫిజిక్సు పుస్తకంలో అలాగే ఉంది. అయితే ఆ పేజీకి వెనక ఇంకో పేజీ ఉంటుంది. బలం దగ్గర మిగుల్చుకున్నదంతా వేగం దగ్గర వదులుకోవాలని అక్కడ రాసి ఉంటుంది. పరీక్షకు ముందు రోజు నిద్రొచ్చి ఆ పేజీ తిప్పలేదు. ప్యాసయిపోయాను కాబట్టి దాంతో ఇక పనిలేదనుకున్నాను.

పని మొదలైంది. ఆదివారం చర్చిలో ప్రార్థన అవగానే ఇద్దరం ఆటోనగర్ పాత ఇనుము కొట్లమీద పడేవాళ్ళం. రాళ్ళ మీద జారకుండా ఉండటానికి పాత మోపెడ్ చక్రాలు రెండు, లావుపాటి టైర్లతో సహా తెచ్చాం. అవి సైకిలులో పట్టలేదు. మస్తాను సుత్తితో ఫోర్కును బాది విశాలం చేశాడు. మామూలు హ్యాండిలు తీసేసి ఎవరిదో చచ్చిపోయిన మోటారుసైకిలు హ్యాండిలు బిగించాం. ఎద్దు కొమ్ముల్లా అటూ ఇటూ బారెడు చాచుకుని ఉండేది. సీటు కింద లారీ సీటులోంచి పీకిన స్ప్రింగు పెట్టాం. దాని మీద కూర్చుంటే మనిషి మాట్లాడుతూ మాట్లాడుతూ పైకి లేచి మళ్ళీ దిగేవాడు. మడ్‌గార్డులు బరువని తీసి పారేశాం. చివరికి హ్యాండిలు పిడికి తొడిగిన రబ్బరు లాగితే లోపల గొట్టం బోలుగా ఉందని కనిపెట్టి, మస్తాను దాన్ని కూడా ఒక సౌకర్యంగా ప్రకటించాడు.

"ఇది రహస్యపు అర సార్. ఏదైనా ఇలువైంది ఉంటే ఇందులో దాచుకోవచ్చు. దొంగోడి తాతక్కూడా తెలవదు."

ఇదంతా పూర్తయ్యేసరికి నెల పైన పట్టింది. అన్నాళ్ళూ నేను కొట్టుకి నడిచి వెళ్ళి నడిచి వచ్చాను. ఒక శుక్రవారం సాయంత్రం మస్తాను ఆఖరి నట్టు బిగించి, పాత గుడ్డతో చేతులు తుడుచుకుని, "ఎక్కండి" అన్నాడు.

ఎక్కాను. నమ్మండి, నమ్మకపోండి, ఆ సైకిలు కొండెక్కింది! కాళ్ళు గిర్రున తిరుగుతున్నాయి, బండి మెల్లగా, పట్టుదలగా, గొంగళిపురుగు గోడెక్కినట్టు రాళ్ళ మీదుగా పైకి పాకుతోంది. కుళాయి దగ్గర బిందెలు నిండి పొర్లిపోతున్నా ఎవరూ చూసుకోలేదు. మస్తాను వెనకాలే పరిగెత్తుతూ "జై" కొట్టాడు. పరిగెత్తుతూ అన్నాను గానీ, నిజానికి అతను నడుస్తున్నాడు. నడుస్తూ నన్ను దాటిపోయి, ముందుకెళ్ళి నిలబడి, నేను వచ్చేదాకా ఆగి మళ్ళీ జై కొట్టాడు. ఆ క్షణంలోనే నాకు అనుమానం రావలసింది. రాలేదు.

మా అక్క గుమ్మంలో నోరు తెరిచి నిలబడింది. జీవితంలో మొదటిసారి ఆమె దగ్గర ప్రశ్న లేదు.

ఆ మర్నాడే విక్టర్ పెళ్ళి.

విక్టర్ నాకు ప్రాణస్నేహితుడు, కాలేజీలో ఒకే బెంచీ. పెళ్ళికూతురు సువార్త వాళ్ళది ఉయ్యూరుకు కాస్త ఇవతల ఒక పల్లెటూరు. వాళ్ళ నాన్న పరంజ్యోతి మాస్టారు ఆ ఊళ్ళో బడిపంతులు, చర్చి సంఘంలో పెద్ద. ఆయన కోటుజేబులోని గడియారాన్ని చూసి ఊరంతా టైము సరిచేసుకునేది. పట్నపు కుర్రాళ్ళకు బాధ్యత ఉండదని ఆయన గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని కరిగించి ఒప్పించడానికి విక్టర్‌కు రెండేళ్ళు పట్టింది. పెళ్ళి తొమ్మిదింటికి. అయ్యగారికి, అంటే పాస్టరుగారికి, మధ్యాహ్నం ఇంకో ఊళ్ళో ఇంకో పెళ్ళి ఉంది కాబట్టి ఒక్క నిమిషం ఆలస్యం కాకూడదని ముందే చెప్పేశారు.

నేను తోడు పెళ్ళికొడుకుని. మా సంఘాల్లో తాళిబొట్టు తోడు పెళ్ళికొడుకు దగ్గరే ఉంటుంది. అయ్యగారు అడిగినప్పుడు అతను తీసి ఇవ్వాలి, ఆయన ప్రార్థన చేసి పెళ్ళికొడుకు చేతికిస్తారు. తోడు పెళ్ళికొడుక్కి ఉన్న పని అదొక్కటే. విక్టర్ వాళ్ళ బలగమంతా ముందురోజే ఊరికి వెళ్ళిపోయింది. కంసాలి తాళి ఇవ్వడం ఆలస్యం చేశాడు. దాన్ని తీసుకుని తెల్లారి మొదటి బస్సుకి వచ్చేయమని విక్టర్ నాకు చెప్పి వెళ్ళాడు.

"రత్నం, బస్సుకే రారా. నీకు వేరే ఆలోచనలు వస్తుంటయ్యి, అవేవీ పెట్టుకోకు" అని కూడా అన్నాడు పాపం.

శుక్రవారం రాత్రి భోజనాల దగ్గర నా వేరే ఆలోచన బయటపెట్టాను.

"అక్కా, రేపు పెళ్ళికి సైకిలు మీద వెళ్తున్నా."

"ఉయ్యూరు దాకానా? నీకేమన్నా మతి పోయిందా? బస్సెక్కి పోరా!"

"మతి ఉండబట్టే వెళ్తున్నా. ఇంత నిటారైన కొండ ఎక్కిన సైకిలు, చదునైన బందరు రోడ్డు మీద ఎలా పరిగెత్తుద్దో ఆలోచించు. బస్సు కంటే ముందుంటా."

అక్క ఆలోచించింది. మా అక్క కూడా ఫిజిక్సులో వెనక పేజీ చదవలేదు. "అదీ నిజమే" అంది. ఆ రోజు నన్ను ఆపగలిగిన ఒకే ఒక్క మనిషి అలా చేతులెత్తేసింది.

"తాళి మాత్రం జాగ్రత్తరోయ్, జేబులో పెట్టుకోమాక, పడిపోద్ది" అంది.

జేబా? నా దగ్గర రహస్యపు అర ఉండగా జేబెందుకు? కంసాలి దగ్గర్నుంచి తెచ్చిన, పావురం బొమ్మ చెక్కిన ఆ చిన్న తాళిబొట్టును తాడుతో సహా చుట్టచుట్టి, కుడి చేతి పిడి లాగి, గొట్టంలోకి దోపి, మళ్ళీ రబ్బరు తొడిగాను. మస్తాను మీద గౌరవం ఇంకా పెరిగింది.

తెల్లవారుతుండగా ఇస్త్రీ చేసిన సూటు వేసుకుని, మెడకు టై కట్టుకుని బయల్దేరాను. కొండ దిగడం దివ్యంగా ఉంది. లావు టైర్లు రాళ్ళను నమిలేస్తున్నాయి, స్ప్రింగు నన్ను ఎగరేసి పట్టుకుంటోంది. బాట దిగి బందరు రోడ్డు మీదికి వచ్చి, ఇక చూస్కోండి అని తొక్కడం మొదలుపెట్టాను.

కాళ్ళు తిరిగాయి. ఇంకా తిరిగాయి. బండి మూడడుగులు జరిగింది.

మళ్ళీ తొక్కాను. మళ్ళీ మూడడుగులు. పెడలు ఒక చుట్టు తిరిగితే మూడడుగులు, అంతే, అదే దాని న్యాయం. కాళ్ళను కుట్టుమిషను మీద దర్జీలా ఆడించాను. పక్కనే పాలబిందెలు నెత్తిన పెట్టుకుని నడుస్తున్న ఒకావిడ కాసేపు నాతో సమానంగా వచ్చి, జాలేసి, ముందుకెళ్ళిపోయింది.

'ఇంకా పొద్దున్నే కదా, చైను బిగుతుగా ఉంది, కాస్త వేడెక్కితే అందుకుంటుంది' అనుకున్నాను. పటమట దాటేసరికి నేను వేడెక్కాను, చైను వేడెక్కలేదు. కానూరు దగ్గర సూర్యుడు పైకొచ్చాడు. టై విప్పి జేబులో పెట్టుకున్నాను. అది చెరుకు ఆడే కాలం. ఉయ్యూరు ఫ్యాక్టరీకి చెరుకు మోస్తున్న ఎడ్లబళ్ళు బారులు తీరి ఉన్నాయి. వెనక నుంచి గంటల చప్పుడు వినిపించింది. లోడు బండి ఒకటి నన్ను దాటుతోంది. బండివాడు పడుకుని ఉన్నాడు, ఎద్దులు వాటంతట అవే నడుస్తున్నాయి. వాటిలో ఒకటి నా వైపు తిరిగి చూసింది. ఆ చూపు నేను మర్చిపోలేను.

బండివాడు లేచి కూర్చున్నాడు.

"ఏందయ్యా, అట్టా ఉరుకుతున్నావు, ఏడకి?"

"పెళ్ళికి."

"ఉరుకుతున్నావు గానీ పోవటంలా."

"కొండలెక్కే సైకిలండీ ఇది" అన్నాను రొప్పుతూ, కాస్త గర్వంగానే.

అతను అటు బందరు కాలవా, ఇటు చెరుకు తోటలూ కనుచూపు మేర చూసి, "ఈడ కొండలెక్కడున్నయ్యయ్యా?" అని నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగాడు. బండి వెళ్ళిపోయింది.

పోరంకి దగ్గర బందరు బస్సు కనిపిస్తే చెయ్యెత్తాను. ఆగింది. కండక్టరు తల బయటపెట్టాడు.

"ఎక్కండి ఎక్కండి, చోటుంది."

"సైకిలు పైన వెయ్యాలండీ."

అతను నా సైకిలును కొమ్ముల నుంచి స్ప్రింగు దాకా చూశాడు. "దాన్నా? అది పైనెక్కితే బస్సు మీద గేదె ఎక్కినట్టుంటది. దాన్ని ఆ కొట్లో పెట్టేసి రండి."

ఇప్పుడు ఆలోచిస్తే ఎంత తేలికైన సంగతి! పక్కనే సోడా కొట్టు ఉంది, సైకిలు అక్కడ పెట్టి, తాళి తీసుకుని బస్సెక్కితే తొమ్మిదింటికల్లా గుళ్ళో ఉండేవాణ్ణి. కానీ నెలరోజులు కష్టపడి కన్న బిడ్డను ఎవరి కొట్లోనో వదిలేసి వెళ్తానా? విక్టర్‌కు, ఆ ఊరి వాళ్ళకు చూపించకుండానే?

"వదలనండీ" అన్నాను.

"మీ ఖర్మ" అని కండక్టరు రెండు విజిళ్ళు కొట్టాడు.

పెనమలూరు చేరేసరికి పిల్లలు బడికి వెళ్తున్నారు. ఒక గుంపు నా పక్కన నడుస్తూ, "మాస్టారూ, తోయమంటారా?" అని అడిగింది. నా కాళ్ళు నా మాట వినడం మానేశాయి. దిగి నిలబడితే అవి కిందా మీదా వాటంతట అవే ఆడుతున్నాయి. అక్కడ, రోడ్డు పక్కన, ధూళి పట్టిన సూటులో, మొదటిసారి నాకు నిజంగా భయమేసింది. విక్టర్ రెండేళ్ళు బతిమాలి సంపాదించుకున్న పెళ్ళి. పట్నపు కుర్రాళ్ళను నమ్మకూడదన్న మాస్టారు ఈపాటికి గడియారం తీసి చూస్తూ ఉంటారు. ఏడుపొచ్చింది, సిగ్గు లేకుండా చెబుతున్నాను.

అప్పుడొచ్చింది చెరుకు లారీ. రోడ్డుకు అడ్డంగా నిలబడి ఆపాను. డ్రైవరు మంచివాడు. పెళ్ళి, తాళి అన్న మాటలు వినగానే, "ఎక్కు బాబూ" అన్నాడు. క్లీనరు సైకిలును చెరుకు మీదికి లాగి, మోకులు వేసి గట్టిగా బిగించాడు. నేను ముందు కూర్చున్నాను. లోడు లారీ కాబట్టి అది కూడా నిదానంగానే వెళ్ళింది గానీ, నా లెక్కలో విమానం.

ఊరి మలుపు దగ్గర దిగేసరికి తొమ్మిది దాటి చాలాసేపయింది.

"సైకిలు?" అన్నాను.

"మోకులు ఇప్పితే లోడంతా జారుద్ది బాబూ. నేను ఫ్యాక్టరీ కాడ వరసలో ఉంటా, పెళ్ళయినాక వచ్చి తీసుకో. ముందు నువ్వు ఉరుకు!"

ఉరికాను. నా కాళ్ళు మూడడుగుల లెక్క మర్చిపోలేదు, చిన్న చిన్న అంగలు వేస్తూ గిలగిలా కొట్టుకున్నాయి. ఎలాగో గుడికి చేరాను.

లోపల పరిస్థితి ఇది. సంఘానికి వచ్చిన కీర్తనలన్నీ పాడేశారు. కొన్ని రెండోసారి పాడారు. హార్మోనియం వాయించే ఆయన వేళ్ళు విరుచుకుంటున్నాడు. ఇక దారిలేక అయ్యగారు ప్రసంగం మొదలుపెట్టి, సృష్టి దగ్గర బయల్దేరి, జలప్రళయం దాటి, ఎడారిలో నడుస్తున్నారు. ఇంత కదలకుండా కూర్చున్న శ్రోతలు ఆయనకు ఎప్పుడూ దొరకలేదు కాబట్టి, నన్ను గుమ్మంలో చూసి కాస్త నిరాశపడ్డట్టే అనిపించింది. పరంజ్యోతి మాస్టారు గడియారం మూత టప్పున మూశారు. తెల్ల పట్టుచీరలో, ముసుగులో సువార్త తల దించుకుని కూర్చుంది. విక్టర్ మొహం చూస్తే వాడిని నీళ్ళలో ముంచి తీసినట్టుంది.

"వచ్చావట్రా!" అన్నాడు. ఆ ఒక్క మాటలో ఎంత ప్రేముందో!

"వచ్చాను" అన్నాను రొమ్ము విరుచుకుని. ఎలా వచ్చినా వచ్చాను కదా.

అయ్యగారు ఎడారిలోంచి వెనక్కి వచ్చి, చెయ్యి చాచారు. "తాళి."

నేను కోటు జేబులో చెయ్యి పెట్టాను. టై తగిలింది. ఇంకో జేబు. చేతిరుమాలు. ప్యాంటు జేబు. ఏమీ లేదు. అప్పుడు, సంఘమంతా చూస్తుండగా, నా కళ్ళముందు కుడి చేతి పిడి మెల్లగా ప్రత్యక్షమైంది.

"ఏరా?" అన్నాడు విక్టర్.

"హ్యాండిల్లో ఉంది" అన్నాను.

"ఏ హ్యాండిలు?"

"సైకిలు హ్యాండిలు."

"సైకిలెక్కడ?"

"చెరుకు మీద."

"చెరుకెక్కడ?"

"లారీలో."

"లారీ?" అని ఈసారి అడిగింది పరంజ్యోతి మాస్టారు, బడిలో మొద్దబ్బాయిని అడిగినట్టు.

"ఫ్యాక్టరీకి వెళ్తోందండీ."

గుడిలో ఒక్కసారిగా గోల లేచింది. ఒక ముసలాయన, "పిప్పిలో వెతుక్కోవాలేమో" అన్నాడు. ఎవరో పెద్దావిడ తన ఉంగరం తీసివ్వబోతే మాస్టారు చెయ్యి అడ్డంపెట్టి, "తాళి లేకుండా నా కూతురు ఈ గుడి గడప దాటదు" అన్నారు. అయ్యగారు తన రెండో పెళ్ళిని తల్చుకుని కిటికీలోంచి ఎండ వైపు చూశారు. విక్టర్ తల పట్టుకుని కూర్చున్నాడు. వాడు రెండు తిట్లు తిట్టుంటే నాకు కాస్త బాగుండేది.

అప్పుడు సువార్త ముసుగు కాస్త పైకెత్తి మాట్లాడింది.

"నాన్నా, ఈ సీజన్లో ఫ్యాక్టరీ వరస మన ఊరి కాలవ వంతెన దాకా వస్తుంది కదా. ఆ లారీ ఎంతో దూరం పోయుండదు."

నిజమే! చెరుకు కాలంలో ఫ్యాక్టరీ ముందు బళ్ళూ లారీలూ మైళ్ళ తరబడి వరసకట్టి రోజంతా నిలబడతాయి. అది ఆ ఊళ్ళో అందరికీ తెలుసు. కంగారులో ఒక్క పెళ్ళికూతురికే గుర్తొచ్చింది. పెళ్ళివారిలోని మగవాళ్ళంతా పంచెలు ఎగ్గట్టి పరిగెత్తారు. వంతెన అవతలే లారీ దొరికింది. డ్రైవరు స్టీరింగు మీద తలపెట్టి నిద్రపోతున్నాడు. లారీ ఎటూ కదలడం లేదు కాబట్టి, ఒకవైపు చెరుకును పదిమంది భుజాలతో ఆనుకుని, మోకు వదులు చేసి, సైకిలును దింపారు.

అక్కడే పిడి లాగి చూశాను. గొట్టం ఖాళీగా ఉంది. హ్యాండిలు ఊపితే లోపలెక్కడో చిన్నగా చప్పుడైంది. పొద్దుటి నుంచీ నా స్ప్రింగు ఎగరేసిన ఎగరవేతకు తాళిబొట్టు గొట్టంలో జారి జారి, వంపు దాటి లోపల ఇరుక్కుంది. బోర్లించి దులిపాం. నేలకేసి కొట్టాం. ఎవరో ఊదారు. రాలేదు.

అయ్యగారి దగ్గర్నుంచి కబురొచ్చింది. "తాళి రాకపోతే సైకిలునే తీసుకురండి, నాకు టైము లేదు."

అలా నా సైకిలు నలుగురి భుజాల మీద గుళ్ళోకి ప్రవేశించింది. నేను చూపించాలనుకున్న వాళ్ళందరూ చూశారు. అయ్యగారి బల్ల ముందు, వధూవరుల మధ్య, దాన్ని తలకిందులుగా నిలబెట్టారు. అయ్యగారు దాని చుట్టూ ఒకసారి తిరిగి, "ఇది ఏమిటి?" అని అడిగారు.

"సైకిలండీ" అన్నాను.

"అలాగా" అన్నారు.

తలా ఒకరు తలా ఒక ఉపాయం చెబుతుంటే సువార్త లేచి వచ్చింది. దారిలో కుదుపులకు ముందు చక్రంలో ఒక చువ్వ ఊడి వేలాడుతోంది. దాన్ని లాగి, కొస వంచి కొక్కెంలా చేసి, ముసుగు వెనక్కి నెట్టుకుని, గొట్టంలోకి పోనిచ్చి, కన్ను పెట్టి చూస్తూ మెల్లగా తిప్పింది. ముందు తాడు కొస వచ్చింది. తర్వాత తాడు వచ్చింది. ఆఖరున, గ్రీజు పూసుకుని నల్లగా, పావురం వచ్చింది.

తన తాళిబొట్టును తనే సైకిలు గొట్టంలోంచి చేపలా పట్టుకున్న పెళ్ళికూతురు కృష్ణా జిల్లాలో ఇంకొకరు ఉండరు. దాన్ని విక్టర్ జేబురుమాలుతో తుడిచి, అయ్యగారికిచ్చి, ఆయన ప్రార్థన ముగించగానే మళ్ళీ అందుకుని, సువార్త మెడలో కట్టాడు. పరంజ్యోతి మాస్టారు గడియారం చూడలేదు. కళ్ళు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను, చేతికున్న గ్రీజుతో.

అంతా అయిపోయిందనుకుంటుండగా, రోడ్డు మీద బస్సు హారను వినిపించి దూరమైంది. అయ్యగారు కూలబడ్డారు.

"నా బస్సు పోయింది. అక్కడ పెళ్ళివాళ్ళు ఎదురుచూస్తుంటారు."

తప్పంతా నాదే. నా మనసు కరిగిపోయింది. సరిదిద్దుకునే అవకాశం దేవుడే ఇచ్చాడనిపించి, వెనకా ముందూ చూడకుండా అన్నాను.

"మీరేం కంగారుపడకండి అయ్యగారూ. నా సైకిలుంది. వెనక కూర్చోండి, నేను దింపుతాను."

"వద్దు!"

ఒక్కరు కాదు, గుడంతా, పిల్లలూ ముసలివాళ్ళూ, హార్మోనియం ఆయనా, ఒకే గొంతుతో అరిచారు. ఆ ఉదయం పాడిన ఏ కీర్తనలోనూ అంత చక్కగా గొంతులు కలవలేదట. పరంజ్యోతి మాస్టారు పరుగున వెళ్ళి తన సొంత సైకిలు, పెద్ద పళ్ళ చక్రం ముందూ చిన్నది వెనకా ఉన్న మామూలు సైకిలు, గుమ్మం ముందు తెచ్చి నిలబెట్టారు.

అయ్యగారు ఎక్కబోయి ఆగారు. వెనక్కి వచ్చి, నా భుజం మీద చెయ్యి వేశారు.

"ఇవాళ ఇద్దరి చేత ప్రమాణం చేయించాను. మూడోవాడు మిగిలిపోయాడు. మోకరించు బాబూ. నా వెనక చెప్పు."

మోకరించాను. పక్కన తలకిందులుగా నా సైకిలు. ఆయన ఒక్కొక్క ముక్కే చెబుతుంటే నేను అంతే గంభీరంగా చెప్పాను.

"రాజారత్నం అనే నేను, ఈ సంఘం ఎదుట, ఈ కొత్త దంపతుల ఎదుట, నిండు మనసుతో చెప్పేదేమనగా, ఇకమీదట నాకు ఏ సైకిలు దొరికినా దాన్ని దొరికినట్టే ఏలుకుంటాను. మెరకలోనూ పల్లంలోనూ, ఎండలోనూ బురదలోనూ, చేసినవాడు బిగించిన చక్రాన్ని బిగించిన చోటే ఉంచుతాను. కొండ ఎదురైతే దిగి నడుస్తాను. పెళ్ళి ఎదురైతే బస్సెక్కుతాను. ఎదుటివాళ్ళ సొత్తును జేబులో తప్ప ఇంకెక్కడా దాచను. నా కాళ్ళలో సత్తువ ఉన్నంతకాలం ఈ మాట తప్పను."

"ఆమేన్" అంది సంఘమంతా. అందరికంటే గట్టిగా అన్నది పెళ్ళికూతురు.